సమను అందలేదు, దండోరా వచ్చింది

మాలో ఒకరి తండ్రికి తన అరెకరం మెట్ట జప్తు అయిన సంగతి 1982 వేసవిలో దండోరా విన్నాకే తెలిసింది. అంతకు ముందు కోర్టు నించి ఒక్క కాగితం కూడా ఆయన చేతికి రాలేదు. పొలం గట్టున నిలబడి డప్పు కొట్టిన వెట్టి ఆయనకి వరసకి బావమరిది. కోర్టు అమీనా పక్కనే నిలబడి చెప్పమన్న మాటలు గట్టిగా చెప్పాడు. సాయంత్రం గుడిసె ముందుకొచ్చి కూర్చుని "నేనేం చేసేది బావా, కొట్టమన్నారు, కొట్టాను" అన్నాడు.

అప్పు 500 రూపాయలు. 1974లో కూతురి పెళ్లికి ఊళ్లో ఒక ఆసామి దగ్గర తెచ్చింది. 1977 ఆఖరులో ఆసామి నోటు తిరగరాయించుకున్నాడు. అసలూ వడ్డీ కలిపి 900 దాటింది. దాని మీద వేలిముద్ర పడింది. 1980లో దావా వేశాడు. సమను పోస్టులోనూ వచ్చిందట, అమీనా చేతా వచ్చిందట. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ డెల్టాలో వూడ్పులకి పోయి వున్నారు. పోస్టు కవరు మీద "పార్టీ ఊళ్లో లేరు" అని రాసి వెనక్కి పంపారు. అమీనా "ఇల్లు తాళం వేసి వుంది, బయటి తలుపుకి నకలు అంటించాను" అని రాసి కోర్టులో దాఖలు చేశాడు. వాయిదా నాడు బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచాడు. పలికే మనిషి లేడు. ప్రతివాది గైరుహాజరు, ఎక్స్‌పార్టీ. ఆసామి బోనెక్కి నోటు రుజువు చేశాడు, డిక్రీ అయింది. రెండేళ్లు ఆగి అమలు పిటిషను వేశాడు. అప్పుడు డప్పు మోగింది.

ఆ ఇంటికి తాళం వేసే తలుపు ఎన్నడూ లేదు. తాటాకు గుడిసె. తడిక అడ్డం పెట్టి తాడుతో కట్టి పోతారు.

ఊళ్లలో తిరిగే కార్యకర్తలకి ఇది కొత్త కథ కాదు. "మాది ఎక్స్‌పార్టీ అయిపోయిందండీ" అని, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు చెప్పేవాళ్లు ప్రతి గూడెంలోనూ కనపడతారు. కోర్టు రికార్డులో వాళ్లందరి పక్కనా ఒకటే మాట వుంటుంది, గైరుహాజరు. రాలేదు కాబట్టి చెప్పుకోవటానికి ఏమీ లేదన్నది కోర్టు తీసుకునే అర్థం. మేం అడగదలుచుకున్నది వేరే ప్రశ్న. ఆ కాగితం ఏ దారిన బయల్దేరింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది? ఊరికీ వాడకీ మధ్య వున్న దూరం చట్టం పుస్తకంలో కనపడదు. కానీ మనవాళ్ల గైరుహాజరు చాలా మటుకు ఆ దూరంలోనే తయారయింది.

సివిలు కోర్టు మన ఊళ్లకి కంపెనీ పాలనతో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 రెగ్యులేషన్లు చిన్న దావాలని గ్రామ మునసబుకీ, అంతకంటే పెద్దవాటిని జిల్లా మునసబుకీ అప్పజెప్పాయి. గ్రామ మునసబంటే ఊరి పెత్తందారీ కుటుంబం మనిషే. అప్పిచ్చేవాడు, నోటు రాసేవాడు, సాక్షి సంతకం పెట్టేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకే వీధిలో ఇరుగుపొరుగు. ఈ ఏర్పాటునే 1889లో గ్రామ కోర్టుల చట్టంగా తిరగరాశారు. ఆ వీధిలోకి చెప్పులు విడిచి, తలపాగా తీసి వెళ్లాల్సిన మనిషిని "నీ వాదం చెప్పుకో" అని పిలవటం ఎలాంటి పిలుపో చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు.

1859లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి దేశంలో మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్. రెండోది కాలపరిమితి చట్టం. రిజిస్టరు కాని అప్పు పత్రానికి దావా గడువు 3 ఏళ్లకి కుదించింది ఈ రెండోదే. బాకీదారుకి మేలు చేద్దామనే తెచ్చామన్నారు. జరిగింది తలకిందులు. గడువు దగ్గర పడేసరికి షావుకారు ఇంటికొచ్చి వడ్డీని అసలులో కలిపి కొత్త పత్రం రాయించుకుంటాడు, లేదా కోర్టుకి పోతాడు. మన కథలో 1977 నోటు ఆ 1859 నాటి అలవాటుకి మునిమనవడు.

ఈ అలవాటు ఎంత దూరం పోయిందో బొంబాయి రాష్ట్రంలో బయటపడింది. 1875 మే 12న పుణె జిల్లా సూపె గ్రామంలో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలూ డిక్రీలూ లాగి తగలబెట్టారు. పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో ఊరూరా అదే జరిగింది. వాళ్లకి ధాన్యం కొట్లకంటే కాగితాల పెట్టెలే ముఖ్యమయ్యాయి. ప్రభుత్వం కమిషన్ వేసింది. సమన్లు అందవనీ, ప్రతివాది రాకుండానే దావాలు తేలిపోతాయనీ, వేలం రోజునే మనిషికి సంగతి తెలుస్తుందనీ ఫిర్యాదులు కమిషన్ ముందుకి వచ్చాయి. దాని ఫలితమే 1879 దక్కన్ రైతుల ఉపశమన చట్టం. ప్రతివాదిని కోర్టు స్వయంగా సాక్షిగా విచారించాలి, అక్కర్లేదనుకుంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, పత్రం మీది అంకె చూసి వూరుకోకుండా అప్పు మొదట్నించీ ఎలా పెరిగిందో లెక్క తీయాలి అని ఆ చట్టం చెప్పింది. ఎక్స్‌పార్టీ డిక్రీ దోపిడీకి పనిముట్టు అవుతుందని తెల్లదొరల ప్రభుత్వమే 1879లో ఒప్పుకుందన్న మాట.

అయితే రెండు సంగతులు మరచిపోగూడదు. ఆ తిరుగుబాటు ప్రధానంగా కుణబీ రైతులది, అంటరాని కులాలది కాదు. చట్టం కూడా ముందుగా పుణె, సతారా, షోలాపూర్, అహ్మద్‌నగర్ అనే 4 జిల్లాలకే పెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకి అలాంటి రక్షణ రాలేదు. 1938లో రాజాజీ మంత్రివర్గం రైతు ఋణ ఉపశమన చట్టం తెచ్చింది. అప్పులూ డిక్రీలూ కూడా తగ్గించే చట్టమే. కానీ దాని కింద "వ్యవసాయదారు" అనిపించుకోవాలంటే భూమిలో అమ్ముకోదగ్గ హక్కు వుండాలి. పాలేరుకీ కూలికీ ఆ హక్కు ఎక్కడిది? దున్నేవాడు వ్యవసాయదారు కాకుండా పోయాడు. జాతీయోద్యమ విజయాల జాబితాలో ఈ చట్టాన్ని చేర్చేవాళ్లు ఈ నిర్వచనం దగ్గర ఎందుకో ఆగరు.

ఇక 1908 కోడ్. కొన్ని సవరణలతో నేటికీ అమల్లో వున్నది అదే. దాని 5వ ఆర్డరు సమను ఎలా అందించాలో చెప్తుంది. మనిషి దొరికితే చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. ఇంట్లో లేకపోతే కలిసి వుండే కుటుంబ సభ్యుడికి ఇవ్వొచ్చు. ఇక్కడ 1908 కోడ్ "వయసొచ్చిన మగ సభ్యుడు" అంది. మగవాళ్లు వలస పోయి, ఆడవాళ్లూ ముసలివాళ్లూ మిగిలిన గూడెంలో ఇంట్లో ఆడమనిషి వున్నా చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఖాళీ. ఆడవాళ్లకి కూడా ఇవ్వొచ్చని మార్చటానికి 1976 దాకా పట్టింది. అదే ఆర్డరులో జైల్లో వున్నవాడికి జైలు అధికారి ద్వారా, సైనికుడికి పై అధికారి ద్వారా, రైల్వే ఉద్యోగికి ఆఫీసు ద్వారా సమను పంపే దారులు వివరంగా రాసి వున్నాయి. వూడ్పులకీ కోతలకీ, చెరకు నరకటానికీ, మట్టి పనికీ ఏటా ఊరు విడిచిపోయే కూలికి మాత్రం దారి రాయలేదు. రాసినవాళ్లకి ఆ మనిషి తెలియదు, లేదా తెలిసీ లెక్కలోకి రాలేదు.

17వ రూలు ఇంకా ముఖ్యమైంది. మనిషి తీసుకోనంటే, లేదా శ్రద్ధగా వెతికినా దొరక్కపోతే, ఇంటి బయటి తలుపుకో బాగా కనపడే మరో చోటో నకలు అంటించాలి. ఏ పరిస్థితిలో అంటించాడో అమీనా రిపోర్టు రాయాలి. ఇల్లు గుర్తు చూపిన మనిషి ఎవరైనా వుంటే ఆ పేరూ చిరునామా కూడా అందులో వుండాలి. కాగితం మీద ఇది మంచి రూలే. ఆచరణలో ఏం జరుగుతుంది? పట్నం నించి వచ్చిన అమీనా ముందు ఆగేది కరణం అరుగు మీద, లేదా దావా వేసిన ఆసామి ఇంట్లో. భోజనం అక్కడే. ఎండలో గూడెం దాకా పోయేదెవరు? పోతే తాకకుండా కాగితం ఇచ్చేదెట్లా? "ఇల్లు తాళం", "తీసుకొనుటకు నిరాకరించినాడు" అన్న రెండు ముక్కలూ అరుగు మీద కూర్చునే రాయొచ్చు. ఇల్లు చూపించిన మనిషిగా ఆసామి పాలేరు వేలిముద్ర వేస్తాడు. మా కథలో జరిగింది సరిగ్గా అదే.

పోస్టు దారి వేరుగా వుంటుందని కొందరు అనుకుంటారు. స్టాంపుకి కులం లేదు నిజమే. పోస్టాఫీసు మాత్రం ఊరి నడుమ వుంది. మద్రాసు శాసన మండలిలో 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టి నెగ్గించుకుంటే గాని, ప్రజల రోడ్లూ బావులూ ప్రభుత్వ కచేరీల ఆవరణలూ అంటరాని కులాలవాళ్లకీ తెరిచి వుంటాయని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వలేదు. ఉత్తర్వు తర్వాత కూడా అడుగు పెట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో మన తాతలు చెప్తారు. ఉత్తరం వచ్చిందని మరో ఇంటి పిల్లాడితో కబురు పంపటం, రచ్చబండ దగ్గర పడేసి పోవటం, "మీ వాడల్లో ఎవరు ఎవరో తెలియదు" అని తిప్పి పంపటం మామూలు సంగతులే. ఒకే పేరున్న నలుగురు, ఇంటి నంబరు లేని వరస, చదివిపెట్టే మనిషి లేని ఇల్లు.

చట్టం మాత్రం పోస్టుని చాలా నమ్మింది. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సరైన చిరునామా రాసి, టికెట్లు అంటించి, రిజిస్టరు పోస్టులో వేస్తే, మామూలుగా చేరాల్సిన సమయానికి అది చేరినట్టే. వ్యతిరేకం రుజువైతే తప్ప. "వ్యతిరేకం రుజువైతే తప్ప" అన్న ఆ మూడు మాటల మీదే మన ఆశంతా. కానీ అందలేదని రుజువు చేయటం ఎంత కష్టమో ఆలోచించండి. లేని సంగతికి సాక్షిని తేవాలి. ఆ నెల డెల్టాలో వున్నానని చెప్పటానికి కూలికి మస్టరు కాగితం వుండదు. పని చేయించుకున్న రైతు, సాటి రైతు దావాలో కూలి పక్షాన బోనెక్కడు.

ఇంతవరకూ రాని కోర్టు కాగితం సంగతి. వచ్చిన కోర్టు శబ్దం సంగతి కూడా చెప్పుకోవాలి. 1908 కోడ్ 21వ ఆర్డరు 54వ రూలు ప్రకారం స్థిరాస్తి జప్తు ఉత్తర్వుని ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టి గానీ, అక్కడి ఆచారం ప్రకారం మరో రకంగా గానీ చాటాలి. వేలం ప్రకటనకీ అంతే. ఈ రూలు ఇప్పటికీ పుస్తకంలో వుంది. డప్పు ఎవరు కొడతారో కోడ్ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. అది ఊరికి తెలుసు. వెట్టి కొడతాడు, మాదిగ కొడతాడు. కులం అంటగట్టిన చాకిరీని బ్రిటిష్ చట్టం రద్దు చేయలేదు, తన అమలు యంత్రంలో ఒక మరగా బిగించుకుంది. మనిషిని పిలవాల్సినప్పుడు కోర్టుకి వాడ దారి దొరకలేదు. పొలం తీసుకోవాల్సినప్పుడు అదే వాడ మనిషిని పిలిచి డప్పు చేతికిచ్చింది. 1994 తర్వాత దండోరా అన్న మాటకి మాదిగలు మరో అర్థం ఇచ్చారు. అంతకు ముందు వంద సంవత్సరాలకి పైగా ఆ మాట మన ఇళ్లలో ఏ భయం పుట్టించేదో ఈ తరం విద్యార్థులకి తెలియాలి.

ఎదురు నిలబడ్డ చరిత్ర కూడా వుంది. అందరికీ తెలిసిన మహద్‌లోనే వుంది గానీ, దాని కోర్టు భాగాన్ని మనం తక్కువగా చదువుతాం. 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు తాగాక, అదే ఏడాది డిసెంబరులో రెండో సమావేశానికి పిలుపు వెళ్లింది. డిసెంబరు 12న మహద్ సవర్ణులు కొందరు సివిలు కోర్టులో దావా వేశారు. చెరువు తమ సొంతమన్నారు. అంబేడ్కర్‌నీ మరి కొందరినీ మొత్తం అంటరాని కులాల ప్రతినిధులుగా ప్రతివాదుల్ని చేశారు. రెండు రోజుల్లో, డిసెంబరు 14న, ప్రతివాదుల వాదన వినకముందే తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు వచ్చేసింది. 25న సమావేశానికి వేలమంది వచ్చారు. చెరువు కనపడుతూనే వుంది. వెళ్లి తాగుదామన్న ఆవేశం అందరిలో వుంది. మనుస్మృతిని ఆ రోజే తగలబెట్టారు. కోర్టు ఉత్తర్వుని మాత్రం దాటలేదు. చెరువు చుట్టూ ఊరేగింపు తీసి వెనక్కి వచ్చారు.

ఆ నిర్ణయాన్ని రాజీ అన్నవాళ్లు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. మాకు అలా అనిపించదు. తర్వాత ఏం చేశారో చూడండి. కోర్టులో హాజరయ్యారు. 1928 ఫిబ్రవరి 23న అదే కోర్టు తన నిషేధాన్ని ఎత్తేసింది. 1931 జూన్‌లో అసలు దావాలో సవర్ణులు ఓడారు. ఠాణా జిల్లా కోర్టులో 1933 జనవరిలో ఓడారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులోనూ ఓడారు. తొమ్మిదేళ్లకి పైగా ఏ మెట్టు దగ్గరా ప్రతివాదులు గైరుహాజరు కాలేదు. వినకుండా ఇచ్చిన ఉత్తర్వుని వినేలా చేసి కొట్టేయించటం ఉద్యమంలో ఒక భాగంగా నడిచింది. ఒక్క మాట ఒప్పుకోవాలి. అక్కడ ప్రతివాది బారిస్టరు. సమను ఏమిటో, వాయిదా ఏమిటో, ఏ కాగితానికి ఏ కాగితం జవాబో ఆయనకి తెలుసు. మన అరెకరం ఆసామికి ప్రతివాది వేలిముద్రగాడు.

స్వాతంత్ర్యం వచ్చాక సుప్రీంకోర్టు ఒకటి రెండు మంచి మాటలు చెప్పింది. 1955లో సంగ్రాం సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ తీర్పు ప్రకారం, ప్రొసీజరు మనుషుల్ని బోనులో పట్టటానికి పెట్టింది కాదు. ఒక వాయిదాకి రానంత మాత్రాన ప్రతివాది మొత్తం కేసు నించి వెలి కాడు, తర్వాతి వాయిదాకి వచ్చి అక్కణ్ణించి పాల్గొనొచ్చు. ఎక్స్‌పార్టీ అంటే ఇక అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. డిక్రీ కాకముందు తెలిస్తే వెంటనే వెళ్లి హాజరు కావాలి.

డిక్రీ అయ్యాక దారి 9వ ఆర్డరు 13వ రూలు. సమను సరిగ్గా అందలేదని చూపించినా, రాలేకపోవటానికి తగిన కారణం చూపించినా డిక్రీని ఆ కోర్టే రద్దు చేసి కేసు మళ్లీ వినాలి. గడువు 30 రోజులు. సమను సరిగ్గా అందని సందర్భంలో ఆ 30 రోజులు డిక్రీ తేదీ నించి కాదు, డిక్రీ సంగతి తెలిసిన రోజు నించి లెక్క. 1963 కాలపరిమితి చట్టం 123వ ఆర్టికల్‌లో ఇది స్పష్టంగా వుంది. పేపర్లో ప్రకటన వేశాం కదా అన్న వాదం ఇక్కడ చెల్లదని కూడా అందులోనే రాశారు. ఆలస్యమైతే క్షమించమని 5వ సెక్షన్ కింద వేరే అర్జీ పెట్టుకోవచ్చు. ఆలస్యాన్ని పెద్ద మనసుతో చూడాలని 1987లో కతిజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వుదారత అందుకున్నది 4 రోజులు ఆలస్యంగా అప్పీలు వేసిన ప్రభుత్వం! అయినా ఆ తీర్పు మనకీ పనికొస్తుంది. 1998లో బాలకృష్ణన్ కేసులో, ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు అర్జీని కొట్టేసిన ఉత్తర్వుని ఎత్తేయమన్న అర్జీ 883 రోజులు ఆలస్యమైనా, ఎన్ని రోజులన్నది కాదు, కారణం నమ్మదగిందా అన్నదే చూడాలంది.

దీనికి ఎదురుగా నిలిచిన గోడలు కూడా చెప్పాలి. స్మాల్ కాజ్ దావా అయితే 1887 చట్టం 17వ సెక్షన్ ప్రకారం, రద్దు అర్జీతో పాటే డిక్రీ మొత్తం కట్టాలి లేదా జామీను చూపాలి. డబ్బున్నవాడికే అన్యాయం జరిగిందని చెప్పుకునే హక్కు అన్నమాట. 1976 సవరణ మరో గోడ కట్టింది. సమను అందించటంలో లోపం వున్నా, వాయిదా తేదీ ప్రతివాదికి తెలుసనీ, రావటానికి వ్యవధి వుందనీ కోర్టు అనుకుంటే డిక్రీ రద్దు చేయకూడదు. "ఊరంతా తెలుసు, వీడికి తెలియదా" అన్న ఆసామి సాక్ష్యానికి దీంతో బలం వచ్చింది. 2002లో వచ్చిన సవరణ ప్రకారం, రిజిస్టరు పోస్టు సరిగ్గా పంపివుంటే 30 రోజుల్లో రసీదు తిరిగి రాకపోయినా, పోయినా, సమను అందినట్టే కోర్టు ప్రకటించొచ్చు. ఇక డిక్రీకి ఆయుష్షు 12 ఏళ్లు. షావుకారు తొందరపడడు. వడ్డీ పెరుగుతూ వుంటుంది, సాక్షులు చచ్చిపోతారు, అప్పుడు తీస్తాడు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం వేరే వుంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. దాని 6వ సెక్షన్ వెట్టి బాకీల దావాలకి తలుపు మూసింది, అప్పటికే వున్న డిక్రీలు పూర్తిగా తీరిపోయినట్టే లెక్క అంది. 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఋణగ్రస్తుల ఉపశమన చట్టం కూలీల, చేతివృత్తులవాళ్ల, చిన్న రైతుల పాత బాకీలు రద్దు చేసింది. ఇవి పోరాడి సాధించుకున్న హక్కులు. కానీ వీటిని ఎవరో ఒకరు కోర్టులో నిలబడి చెప్పాలి. 1974 అప్పు 1977 చట్టంతో పోయింది. ఆ పోయిన అప్పునే ఆసామి కొత్త తేదీ వేసి నోటుగా మార్చాడు. ప్రతివాది వచ్చి "అయ్యా, ఇది పాత బాకీ, నోటు మార్చారు" అని ఒక్క మాట అంటే విచారణ నడిచేది. ఆ మాట అనే మనిషి డెల్టా బురదలో వున్నాడు. శాసనసభ ఇచ్చిన రక్షణని ఒక తాళం వేసిన తలుపు, అదీ లేని తలుపు, మింగేసింది.

ఆ కేసు ఏమయిందో చెప్పాలి. దండోరా విన్న పదకొండో రోజున రద్దు అర్జీ పడింది. పట్నంలో ఒక కుర్ర వకీలు ఫీజు తర్వాత చూద్దామని వకాల్తా వేశాడు. ముందుగా సమను తిరుగు రిపోర్టు నకలు తీయించాడు. అమీనాని బోనెక్కించమని కోర్టుని అడిగాడు. 19వ రూలు ఆ అవకాశం ఇస్తుంది. ఏ తలుపు, చెక్కదా రేకుదా, తాళం ఎట్లాంటిది, పక్కిల్లు ఎవరిది, ఇల్లు చూపించిన పాలేరు ఎవరి దగ్గర జీతానికి వున్నాడు అని అడిగాడు. అమీనా మొదట చెక్క తలుపన్నాడు, తర్వాత గుర్తులేదన్నాడు. గుడిసెకి తడికే వుందని చెప్పటానికి గూడెం నించి ఇద్దరు వచ్చారు. డప్పు కొట్టిన బావమరిది మాత్రం రాలేదు. వెట్టి పని పోతుందని భయపడ్డాడు. దానికి మాలో ఎవరికీ ఆయన మీద కోపం లేదు. కోర్టు డిక్రీ రద్దు చేసింది, సగం సొమ్ము కట్టాలన్న షరతుతో. ఆ సగం కోసం రెండు మేకలూ, ఇంట్లో వున్న ఒక్క వెండి గొలుసూ పోయాయి. తర్వాత 1977 చట్టం వాదన వకీలు లేవదీసేసరికి ఆసామి రాజీకి దిగాడు. అసలు మాత్రం తీసుకుని నోటు చింపాడు. చట్ట ప్రకారం ఆ అసలు కూడా కట్టనక్కర్లేదని మాకు తర్వాత అర్థమయింది. పొలం మిగిలింది.

అప్పటికీ ఇప్పటికీ తేడాలున్నాయి. కరణాలూ మునసబులూ 1984లో పోయారు. అప్పులిచ్చేవాళ్లలో ఫైనాన్సు కంపెనీలు చేరాయి. రిజిస్టరు పోస్టుని 2025లో స్పీడ్‌పోస్టులో కలిపేశారు. చిరునామా ఇబ్బంది మాత్రం తగ్గలేదు, పెరిగింది. 1985లో కారంచేడు విడిచి చీరాల చేరినవాళ్లకీ, 1991లో చుండూరు విడిచి తెనాలి చేరినవాళ్లకీ కోర్టు కాగితంలో చిరునామా ఏమని వుంటుంది? తరిమిన ఊరి పేరే వుంటుంది. పాలమూరు నించి మట్టి పనికి పోయినవాళ్ల ఇళ్లకి ఇప్పుడు నిజంగానే తలుపులూ తాళాలూ వున్నాయి. అమీనా రాసే అబద్ధం నిజమయింది, అంతే.

కార్యకర్తలకి మేం చెప్పగలిగింది కొంత వుంది. అమలు నోటీసో, జప్తు కబురో వచ్చిన రోజు తేదీ ఎక్కడైనా రాసి పెట్టించండి. 30 రోజుల లెక్క అక్కణ్ణించే. డబ్బు గురించి మాట్లాడే ముందు కోర్టు నించి దావా కాగితం, డిక్రీ, సమను తిరుగు రిపోర్టు, పోస్టు కవరు నకళ్లు తీయించండి. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద హక్కు. కూలి నివసించే ఇల్లు, వంట గిన్నెలు, పనిముట్లు, కూలి డబ్బులు జప్తు చేయకూడదని కోడ్ 60వ సెక్షన్‌లోనే వుంది. వదులుకుంటానని ముందే సంతకం పెట్టించుకున్నా 1976 నించి అది చెల్లదు. బాకీ డిక్రీకి ఆడవాళ్లని అరెస్టు చేయరాదు. కోర్టుల వెబ్‌సైటులో పేరు కొట్టి కేసు వుందో లేదో చూడొచ్చు. పల్లెలో చదువుకున్న ఒక పిల్లో పిల్లాడో ఏడాదికి రెండుసార్లు, వలసలు బయల్దేరే ముందూ తిరిగొచ్చాకా, గూడెం పేర్లన్నీ వరసగా అందులో వెతికితే ఒక పూట పని.

ఆ తిరుగు రిపోర్టు నకలు ఇప్పటికీ మా దగ్గర వుంది. దాని వెనక వైపు, ఇల్లు గుర్తు చూపిన వ్యక్తి అన్న చోట పాలేరు వేలిముద్ర, దాని కింద ఎవరో రాసిన పేరు. ఆ పేరు తప్పు. ఆ పాలేరుని మాకు తెలుసు, మా గూడెం మనిషే. ఆయన పేరు అది కాదు.